జైలు పోతే ఎవరికి నష్టం?
పురపాలక సంఘాలు, సబ్‌జైళ్లు, దళితులు

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా తీసి చూడండి. నాలుగో అంశం జైళ్లు. అయిదో అంశం స్థానిక ప్రభుత్వం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి గాని, అయిదో అంశం కింద పుట్టిన పురపాలక సంఘానికి నాలుగో అంశం మీద నోరెత్తే అధికారం లేదు. ఊళ్లో జైలు పెట్టాలా, తీసెయ్యాలా, పక్క జిల్లాకి కలపాలా అన్నది రాష్ట్ర ప్రభుత్వమూ జైళ్ల శాఖా తేల్చుకునే వ్యవహారం. పురపాలక సంఘం చెయ్యగలిగిందల్లా ఒక తీర్మానం రాసి పైకి పంపటం. దానికి చట్టబలం లేదు. అయినా ఏ చిన్న పట్టణంలో అయినా జైలో, కోర్టో, ఇంకో ఆఫీసో తరలిపోతుందని మాట పుట్టగానే ముందు కదిలేది కౌన్సిలే. ఎవరు కదిలిస్తారు, ఎవరి నష్టం చెప్పి కదిలిస్తారు, ఎవరి నష్టం ఆ తీర్మానంలో ఒక్క ముక్కగా కూడా రాదు? ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

కచేరీ ఊళ్లు

కోనసీమ పట్టణాలకి రెండు బతుకులున్నాయి. ఒకటి కొబ్బరి, వరి, చేపల వ్యాపారం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు తెచ్చిన బతుకు అది. రెండోది కచేరీ బతుకు. మద్రాసు రాజధాని కాలంలో తాలూకా ఆఫీసు, మేజిస్ట్రేటు కోర్టు, ఖజానా, సబ్‌జైలు దాదాపు ఒకే ప్రాంగణంలోనో పక్కపక్కనో ఉండేవి. పన్ను వసూలు చేసేదీ, శిక్ష వేసేదీ, తాళం వేసేదీ ఒకే రెవెన్యూ యంత్రాంగం కావటం చేత అలా కట్టుకున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట పెరిగింది ఈ కచేరీ చుట్టూనే. ప్లీడర్లు, వాళ్ల గుమాస్తాలు, స్టాంపులమ్మేవాళ్లు, దస్తావేజులు రాసేవాళ్లు, కోర్టుకొచ్చిన పక్షాలకి భోజనం పెట్టే హోటళ్లు, తరవాతి రోజుల్లో టైపు మిషన్లూ జిరాక్సు కొట్లూ వచ్చాయి. ఈ వరసలో మాల మాదిగల కొట్టు ఎక్కడుందో వెతకండి. కచేరీకి మన రాకపోకలు చాలాకాలం ముద్దాయిగానో, సాక్షిగానో, దొడ్డి ఊడ్చే మనిషిగానో మాత్రమే సాగాయి.

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం లాంటి తాలూకా కేంద్రాలు ఒక్కసారిగా పది మండలాల్లో ఒక మండలంగా మిగిలిపోయాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చి అమలాపురం జిల్లా కేంద్రమయింది. కొత్తపేటకి రెవెన్యూ డివిజను దక్కింది. ఆఫీసు వచ్చిన ఊళ్లో బాణసంచా, రాని ఊళ్లో బందు. ఇదంతా మనం చూసిందే. ఆఫీసు అంటే ప్రజలకి సేవ అనే మాట ఉపన్యాసాల్లో ఉంటుంది. ఊరి పెద్దల లెక్కలో మాత్రం ఆఫీసు అంటే అద్దె, గిరాకీ, కాంట్రాక్టు, స్థలం ధర.

సబ్‌జైలు కూడా ఆ లెక్కలోదే. లోపల యాభై మందే ఉండనివ్వండి, వాళ్లకి బియ్యం, పప్పు, కూరలు, పాలు, వంటచెరకు లేదా గ్యాసు సరఫరా చేసే కాంట్రాక్టు ఒకటుంటుంది. వాయిదాలకొచ్చే బంధువులు తాగే టీ ఉంటుంది. వకీళ్లకి దగ్గర్లో కక్షిదారుడుంటాడు. జామీను ఇప్పించటమే వృత్తిగా పెట్టుకున్న మనుషులుంటారు. జైలు చిన్నదే, దాని చుట్టూ తిరిగే రూపాయి మాత్రం మరీ చిన్నది కాదు.

ఎజెండా ఎవరిది?

మూడు ఊళ్లలో పురపాలక సంఘం ఉన్నది అమలాపురానికే. రాజోలు, కొత్తపేట ఇంకా పంచాయతీలే. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాక 243టి అధికరణం ప్రకారం జనాభా నిష్పత్తిలో ఎస్సీలకి వార్డులు రిజర్వయ్యాయి, ఛైర్మన్ పదవులు కూడా వంతులవారీగా వస్తున్నాయి. సవరణ తరవాత మన రాష్ట్రంలో మునిసిపల్ ఎన్నికలు 1995, 2000, 2005, 2014, 2021లో జరిగాయి. మధ్యలో ఏళ్లకేళ్లు ప్రత్యేకాధికారులే ఏలారు. అయిదేళ్లకోసారి ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో రాసినా తేదీ ప్రభుత్వం చేతిలోనే ఉంటోందనటానికి ఈ సంవత్సరాల మధ్య ఖాళీలే సాక్ష్యం.

కౌన్సిలు సమావేశం ఎలా నడుస్తుందో దగ్గరుండి చూసినవాళ్లకి తెలుసు. ఎజెండా కాయితాలు ముందు పంచుతారు. మార్కెట్టు ఆశీళ్ల పాట, షాపుల అద్దె గడువు పొడిగింపు, కుళాయి కనెక్షన్లు, డ్రైనేజీ పూడిక, వీధి దీపాల టెండరు, పారిశుధ్య కార్మికుల కాంట్రాక్టు పొడిగింపు వస్తాయి. 'చదివినట్టు భావించి ఆమోదించడమైనది' అని ఒక్క వాక్యంతో ముప్పై నలభై అంశాలు దాటిపోతాయి. చివర్లో టేబుల్ ఎజెండా అని ఒక కాయితం వస్తుంది. అసలైన వ్యాపారం చాలాసార్లు అందులోనే ఉంటుంది. రిజర్వుడు వార్డు నుంచి వచ్చిన సభ్యుడో సభ్యురాలో ఆ కాయితం చదివేలోపు సభ ముగుస్తుంది. మహిళా సభ్యురాలైతే ఆమె బదులు భర్తో, పార్టీ నాయకుడో మాట్లాడటం కూడా మనకి కొత్త కాదు.

పారిశుధ్య కార్మికుల అంశం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కోస్తా పట్టణాల్లో ఈ పని మాదిగ, రెల్లి కులాలవాళ్ల మీద తరతరాలుగా ఉంది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. పేరు మారింది, కాంట్రాక్టరు వచ్చాడు, మనుషులు మారలేదు. ఈ అంశం కౌన్సిల్లో 'ఖర్చు' కింద వస్తుంది. షాపుల అంశం 'ఆదాయం' కింద వస్తుంది. ఒక ఊరి కులపటం కావాలంటే జనాభా లెక్కలు అక్కర్లేదు, మునిసిపల్ బడ్జెట్లో రెండు పేజీలు చాలు.

ఇలాంటి కౌన్సిలు ముందుకి జైలు తరలింపు వచ్చిందనుకోండి. తీర్మానం ఎలా ఉంటుందో ఊహించటం కష్టం కాదు. 'పట్టణ ప్రాధాన్యత దృష్ట్యా', 'న్యాయవాదులకు, వర్తకులకు కలుగు ఇబ్బంది దృష్ట్యా' అని ఉంటుంది. లోపలున్న మనిషికి, అతని తల్లికి కలిగే ఇబ్బంది ఉండదు. ఎంచేతంటే వాళ్లు ఊరి లెక్కలోకి రారు. జనాభా లెక్కల్లో వస్తారు, అది వేరే సంగతి. జైలును సంస్థాగత నివాసం కింద చూపి లోపలి తలల్ని ఆ ఊరి ఖాతాలోనే లెక్కేస్తారు. ఓటు మాత్రం లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షను ప్రకారం నేరం రుజువు కాని రిమాండు ఖైదీకి కూడా ఓటు లేదు. 2013లో చట్టం సవరించాక అతను లోపలుండి పోటీ మాత్రం చెయ్యొచ్చు! పోటీ చేసే స్తోమత ఉన్నవాడి ఇబ్బంది పార్లమెంటుకి కనిపించింది. ఓటు తప్ప ఇంకేమీ లేనివాడి ఇబ్బంది కనిపించలేదు.

వరంగల్లులో నెల రోజులు

తెలుగు నేల మీద ఇటీవల పెద్ద జైలు ఒకటి మొత్తంగా మాయమైంది వరంగల్లులో. నిజాం కాలంలో, పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన కేంద్ర కారాగారం అది. తివాచీలు, దుప్పట్లు నేసే మగ్గాలకి పేరు. 2021 ఏప్రిల్ 30న వరంగల్ మహానగర పాలక సంస్థకి 66 డివిజన్లలో ఎన్నికలు జరిగాయి. మే మొదటి వారంలో కొత్త పాలకవర్గం ఏర్పడింది. మే 21న ముఖ్యమంత్రి ఎంజీఎం ఆసుపత్రిని, ఆ వెంటనే జైలును చూసి, జైలు స్థలంలో పెద్దాసుపత్రి కడతామన్నారు. జూన్ 1 నుంచి ఖైదీల్ని బస్సులెక్కించి చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం తదితర జైళ్లకి పంపటం మొదలైంది. ఆ నెలలోనే గోడలు పడగొట్టారు. జూన్ 21న 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన అయింది. మాట అన్ననాటి నుంచి పునాదిరాయి దాకా సరిగ్గా నెల.

ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కోవిడ్ రెండో విడతలో ఎంజీఎం మెట్ల మీద మంచం కోసం ఎదురుచూసింది ఎక్కువగా మన జనమే. అంచేత ఈ సంగతి మాట్లాడటం కష్టం. జైలు పక్షం మాట్లాడితే ఆసుపత్రికి అడ్డంపడ్డట్టు అవుతుంది. కాని అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. వరంగల్ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ములాఖాతు చూసుకునే మనిషి ఇప్పుడు హైదరాబాదు పోవాలి, అంటే పోను దాదాపు 150 కిలోమీటర్లు. ఈ మాట ఎవరు ఎక్కడ నమోదు చేశారు? భూసేకరణకి 2013 చట్టం కింద సామాజిక ప్రభావ అంచనా అని ఒకటుంది. ప్రభుత్వ స్థలంలో ప్రభుత్వం తన జైలు తాను తీసేస్తే అలాంటి అంచనా చెయ్యాలని ఏ చట్టమూ చెప్పదు. అడగటానికి అప్పుడే గెలిచిన పాలకవర్గం ఉంది, అడగాలన్న బాధ్యత చట్టంలో లేదు. అదే స్థలంలో వందేళ్ల బజారు ఉండుంటే, దుకాణదారుల్ని నెలలో కదపగలిగేవారా?

అంతకు ముందే తెలంగాణ జైళ్ల శాఖ ఖైదీలు తక్కువగా ఉన్నారని కొన్ని సబ్‌జైళ్లు మూసింది. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016 నుంచి 500 రూపాయలు కట్టినవాళ్లకి ఒక రోజు ఖైదీ బట్టలు, ఖైదీ భోజనం, గది ఇచ్చి 'జైలు అనుభవం' అమ్మింది. డబ్బు కట్టి లోపలికెళ్లే మనిషి ఒకడు, డబ్బు కట్టలేక లోపలే ఉండే మనిషి ఒకడు. దీని మీద వ్యాఖ్యానం అవసరం లేదు.

సూసన్‌విల్

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈశాన్య మూలలో సూసన్‌విల్ అని చిన్న పట్టణం ఉంది. కలప మిల్లులమీద బతికిన ఊరు. మిల్లులు మూతపడ్డాయి. 1963లో ఒక రాష్ట్ర జైలు, 1995లో రెండోది వచ్చాయి. ఊరి బతుకు జైళ్లమీదికి మారింది. 2020 జనాభా లెక్కల్లో ఊరి జనం పదహారు వేల పైచిలుకు అయితే అందులో వేలమంది ఖైదీలే. 2021 ఏప్రిల్లో రాష్ట్ర ప్రభుత్వం ఖైదీల సంఖ్య తగ్గిందని మొదటి జైలు మూసేస్తామంది. వెయ్యిమందికి పైగా ఉద్యోగులున్న జైలు. ఊరు అల్లాడింది. సిటీ కౌన్సిలు 2021 ఆగస్టులో కోర్టుకెక్కింది. పర్యావరణ చట్టం ప్రకారం మూసివేత ప్రభావం అంచనా వెయ్యలేదని వాదించి కొంతకాలం ఆపించింది కూడా. 2022లో రాష్ట్ర ప్రభుత్వం చట్టంలోనే దారి చేసుకుంది. సెప్టెంబరులో కోర్టు అడ్డు తీసేసింది. 2023 జూన్ 30కి జైలు మూతపడింది.

ఇక్కడి కౌన్సిలుకి లేని ఆయుధం అక్కడి కౌన్సిలుకి ఉంది, కోర్టుకెళ్లే చట్టపు దారి. అది నేర్చుకోదగ్గదే. కాని దాన్ని వాడింది దేనికి? నల్లజాతివాళ్లు కాలిఫోర్నియా జనాభాలో 6 శాతం లోపు, రాష్ట్ర జైళ్లలో నాలుగో వంతుకి పైన. దక్షిణాన లాస్ ఏంజలస్ లాంటి మహానగరాల పేదవాడల నుంచి వందల మైళ్లు తెచ్చి ఇక్కడ పెట్టారు. వాళ్ల తలలు ఊరి జనాభాలో లెక్కకి వచ్చాయి, నిధుల్లో లెక్కకి వచ్చాయి, ఓటులో లెక్కకి రాలేదు. నియోజకవర్గాల విభజనకి మాత్రం ఖైదీని అతని సొంత చిరునామాలో లెక్కించే పద్ధతి 2021లో తెచ్చారు. సూసన్‌విల్ కౌన్సిలు తన ఉద్యోగుల జీతాలూ, ఇళ్ల ధరలూ, కొట్ల గిరాకీ గురించి మాట్లాడింది. ఆ బాధ అబద్ధం అననక్కర్లేదు. మిల్లు పోయిన ఊళ్లో జైలు జీతం కూడా జీతమే. మనిషిని బంధించటం మీద ఊరి పొయ్యి వెలిగేలా ఏర్పాటు చేసింది ఆ ఊరివాళ్లు కాదు, పైనున్న రాజ్యం. ఆ ఏర్పాటు పోయేటప్పుడు ఊరు ఏడ్చింది, లోపలివాళ్లని ఎవరూ అడగలేదు.

ఇదేదో అమెరికా విడ్డూరం అనుకోనక్కర్లేదు. బంధించిన మనుషుల శ్రమతో స్థానిక వ్యాపారం నడపటం మన కోస్తాలో వందేళ్ల కింద జరిగింది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టారు. హాజరు పట్టీ, అనుమతి చీటీ లేకుండా కదలటానికి లేదు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఆ సెటిల్మెంటు నుంచి కూలీలు దొరికారు. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం పోలీసు రికార్డుల్లో, సినిమాల్లో ఇంకా చాలాకాలం నడిచింది.

దూరం లెక్క, ఇంటిపన్ను రసీదు

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. కోనసీమలో కేంద్ర కారాగారం లేదు. రాజమండ్రి కేంద్ర కారాగారమే దిక్కు, అది 2022 నుంచి వేరే జిల్లాలోది. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా దాదాపు 65 కిలోమీటర్లు. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకా ఎక్కువ. జిల్లాకి రైలు కోటిపల్లి దగ్గరే ఆగిపోయింది. జి.ఎం.సి. బాలయోగి కాలం నుంచి నరసాపురం దాకా లైను కోసం ఎదురుచూపే. కొబ్బరి దింపు కూలికో, వరి కోతకో, రొయ్యల షెడ్డుకో పోయే తల్లి కొడుకుని చూడ్డానికి పోవాలంటే ఒక రోజు కూలి పోవాలి, ఇద్దరు పోతే రెండు కూళ్లు, బస్సు ఛార్జీలు, లోపల ఇచ్చే బిస్కెట్ పొట్లం. సబ్‌జైలు తాలూకా కేంద్రంలో ఉంటే ఉదయం చూసి మధ్యాహ్నానికి పనిలోకి దిగొచ్చు. జైలు దగ్గర ఉండటమన్నది ఆమె వరకు పరువు విషయమో ప్రతిష్ఠ విషయమో కాదు, వారం బడ్జెట్.

ఇంకో చిక్కు ఎస్కార్టు. జైలు దూరమైనకొద్దీ వాయిదాకి తీసుకురావటానికి పోలీసు బందోబస్తు కావాలి. వి.ఐ.పి. పర్యటన ఉంటే, పండగుంటే, ఎన్నికలుంటే బందోబస్తు ఉండదు. ముద్దాయి రాడు, వాయిదా పడుతుంది. వీడియో తెర మీద హాజరు చూపించి రిమాండు పొడిగిస్తారు. తెర మీద మనిషి తన వకీలు చెవిలో ఒక ముక్క చెప్పలేడు, ఒంటి మీద దెబ్బలుంటే చూపించలేడు.

లోపల ఉన్నదెవరో లెక్కలు చెబుతున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కన 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కానివాళ్లు. దళితులు దేశ జనాభాలో 2011 లెక్క ప్రకారం 16.6 శాతం, ఖైదీల్లో ఐదో వంతుకి పైన. ఎక్కువ నేరాలు చేస్తారు కాబట్టి అని అగ్రవర్ణ పెద్దమనుషులు తేలిగ్గా తేల్చేస్తారు. అసలు లోపలికెలా వెళ్లారన్నది ఎంత ముఖ్యమో, బయటికెందుకు రాలేకపోయారన్నది అంత ముఖ్యం. ఇక్కడే పురపాలక సంఘం మళ్లీ తెర మీదికొస్తుంది.

బెయిలు మంజూరైనంత మాత్రాన మనిషి రాడు. ఇద్దరు జామీనుదారులు కావాలి. వాళ్లకి ఆస్తి ఉందని చూపించాలి. పట్టాదారు పాసు పుస్తకమో, లేదంటే మునిసిపాలిటీ లేక పంచాయతీ ఇచ్చిన ఇంటిపన్ను రసీదో, ఇంటి విలువ సర్టిఫికెట్టో పెట్టాలి. కోనసీమలో భూమి ఎవరి చేతిలో ఉందో చెప్పక్కర్లేదు. మన పేటల్లో చాలా ఇళ్లు కాలవగట్టు మీద, ఏటిగట్టు వార, పుంత రోడ్డు పక్కన ఉన్నాయి. అది పోరంబోకు అని ఇంటికి పన్ను వెయ్యరు. పన్ను వెయ్యరు కాబట్టి రసీదు లేదు. రసీదు లేదు కాబట్టి ఆ ఇంటి మనిషి ఎవరికీ జామీను నిలబడలేడు. పేటంతా కలిసినా ఇద్దరు జామీనుదారులు తేలరు. అప్పుడు మోతుబరి గుమ్మం దగ్గరికి వెళ్లాలి. ఆయన సంతకం పెడతాడు. దానికి బదులు ఏం తీసుకుంటాడన్నది కోర్టు రికార్డులో ఉండదు. కూలి రేటు గురించి మాట్లాడని ఏడాది, ఓటు, ఒక్కోసారి ఆయన మీదే పెట్టిన అట్రాసిటీ కేసులో రాజీ.

కౌన్సిలు ఎజెండాలో 'ఇళ్లకు పన్ను విధింపు' అనే పొడిగా కనిపించే అంశం ఎవడు జైల్లో ఉంటాడు, ఎవడు ఇంటికొస్తాడు అన్నదాన్ని తేలుస్తోందన్నమాట. జైలు ఊళ్లో ఉండాలా వద్దా అని కౌన్సిలుకి చెప్పే అధికారం లేదు, నిజమే. గట్టుమీది గుడిసెకి తలుపు నంబరు వేసే పని మాత్రం దానిదే. పన్ను వేసినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదన్న షరతుతో పన్ను వెయ్యటానికి అడ్డేమిటని రిజర్వుడు వార్డు సభ్యులు సభలో లేచి అడగాలి.

న్యాయస్థానాలు ఈ సంగతి తెలియక ఊరుకోలేదు. 1978లో మోతీరాం కేసులో ఒక పేద తాపీ మేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడగటాన్ని, వేరే జిల్లావాడని అతని సోదరుడి జామీనును కాదనటాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో బీహారు విచారణ ఖైదీల గతి దేశానికి తెలిసింది. 2023 జనవరిలో బెయిలు వచ్చి నెల దాటినా బాండు ఇవ్వలేనివాళ్ల విషయంలో షరతులు సడలించే ఆలోచన కోర్టులు తమంత తామే చెయ్యాలని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479 సెక్షను ప్రకారం మొదటిసారి కేసులో చిక్కినవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలుంటే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది లేదు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకీ లేదు. ఆ రెండో మినహాయింపు మన కుర్రాళ్ల మెడకి ఎలా చుట్టుకుంటుందో పోలీసు స్టేషన్ల తీరు తెలిసినవాళ్లు ఊహించగలరు. కేంద్రం 2023లో పేద ఖైదీల సహాయ పథకం పెట్టినప్పుడు జామీను కోసం 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్షపడ్డవాళ్లకి 25,000 దాకా ఇవ్వొచ్చని చెప్పింది. జిల్లా స్థాయిలో కమిటీ ఉండాలి. ఈ పథకం పేరు కార్యకర్తలు గుర్తుపెట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, మండల న్యాయసేవా కమిటీల్లో అడగవచ్చు.

దూరం గురించి మాట్లాడేటప్పుడు 2022 మే గుర్తుకొస్తుంది. జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడుతూ మే 18న ప్రకటన ఇచ్చారు. మే 24న అమలాపురంలో పేరు వద్దన్న గుంపులు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. పెద్దసంఖ్యలో అరెస్టులయ్యాయి. పట్టుబడ్డవాళ్లలో ఎంతోమంది కుర్రాళ్లు. రిమాండు, ములాఖాతు, జామీను, ఎస్కార్టు అనే మాటలు అంతదాకా తెలియని వీధుల్లో అప్పుడు వినపడ్డాయి. 'మా పిల్లల భవిష్యత్తు' అని మొర వినపడింది. ఆ మొర మన పేటల్లో ఏళ్ల తరబడి ఉన్నదే. పేరు చూసి రాళ్లెత్తినవాళ్ల మీద కోపం ఉండటం న్యాయం. కాని విచారణ లేకుండా ఏళ్లు లోపల ఉంచటం ఎవరి విషయంలోనైనా అన్యాయమేనని అంబేద్కర్ పేరు చెప్పుకునే మనం అనకపోతే ఇంకెవరంటారు? అటువైపు మరో లెక్క కూడా ఉంది. 1996 డిసెంబరులో రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో దళిత యువకులకి శిరోముండనం చేసిన కేసులో విశాఖ ప్రత్యేక కోర్టు 2024 ఏప్రిల్ 16న 18 నెలల శిక్ష వేసింది. తీర్పుకే ఇరవై ఏడేళ్లు పైన పట్టింది. జైలు తలుపు ఎవరికి ఎంత వేగంగా తెరుచుకుంటుందో ఈ కేసు తేదీలు చూస్తే తెలుస్తుంది.

గోడ లోపల

జైలు దగ్గర్లో ఉంటే చాలా? లోపల ఏం జరుగుతోంది? 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి దళిత కార్యకర్తా చదవాలి. ఆమె ఒక పాత్రికేయురాలు. జైళ్లలో వంట అగ్రకులాలకీ, ఊడ్చటం, పాయిఖానా కడగటం కిందికులాలకీ పంచే పద్ధతి పలు రాష్ట్రాల జైలు నిబంధనల్లోనే రాసి ఉందని బయటపెట్టారు. సంచార తెగల్నీ, విముక్త జాతుల్నీ పుట్టుకతో నేరస్థులుగా చూసే మాటలు కూడా వాటిలో ఉన్నాయి. కోర్టు ఆ నిబంధనల్ని రాజ్యాంగ విరుద్ధమంది, అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణానికీ, వెట్టిని నిషేధించే 23వ అధికరణానికీ విరుద్ధమంది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. మూడు నెలల్లో నిబంధనలు మార్చమంది.

కులం గడి తీసెయ్యటం మీద మన మిత్రుల్లో కొందరికి అనుమానాలున్నాయి. గడి పోతే జైళ్లలో దళితులెందరో రేపు లెక్క తెలియదు కదా అని. లెక్కల కోసం బ్యూరో సేకరించేదానికి అడ్డు లేకుండా, పని పంచటానికి కులం అడగకుండా చెయ్యటం సాధ్యమే. తీర్పు ఉద్దేశం కూడా అదే. మునిసిపాలిటీ చెత్తబండి మీద ఉన్నదీ జైలు పాయిఖానా దగ్గర ఉన్నదీ ఒకే కులం. బయట దాన్ని కాంట్రాక్టు అంటారు, లోపల డ్యూటీ అంటారు.

ఖాళీ అయిన స్థలం

సబ్‌జైలు మూసేశారనుకుందాం. ఊరి నడిబొడ్డున, కోర్టు పక్కన, అర ఎకరమో ఎకరమో స్థలం. ఆ రోజు నుంచి తీర్మానాల భాష మారిపోతుంది. నిన్నటిదాకా 'జైలు తరలింపును వ్యతిరేకిస్తూ' రాసిన కలమే 'సదరు స్థలమును పురపాలక సంఘమునకు అప్పగించవలెనని' రాస్తుంది. షాపింగ్ కాంప్లెక్సు, పార్కు, పార్కింగు. మునిసిపల్ షాపుల కేటాయింపులో ఎస్సీ ఎస్టీలకి వాటా నిబంధన ఉంది. షాపు కాయితం మన పేరున, గల్లాపెట్టె దగ్గర మరొకడు కూర్చోవటం ఎన్ని కాంప్లెక్సుల్లో చూడలేదు!

అంచేత తరలింపు కాయితం కౌన్సిలు ముందుకి వచ్చిననాడు పేట నుంచి వెళ్లిన సభ్యులు వర్తకుల తీర్మానానికి చెయ్యెత్తే ముందు కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడిగించాలి. ఇప్పుడున్న ఖైదీలు ఎక్కడికి పోతారు, వాళ్లలో ఎస్సీలెందరు, బెయిలొచ్చి జామీను లేక ఆగినవాళ్లెందరు? అలాంటివాళ్లని తరలించే ముందే విడుదలకి కోర్టును ఎవరు అడుగుతారు? ఎస్కార్టు ఎన్ని వాయిదాలకి రాలేదు? స్థలం ఎవరికి? ఖాళీ అయిన గదుల్లో ఒకటైనా న్యాయసేవా కేంద్రానికి ఇస్తారా? సమాధానం రాకపోతే అసమ్మతి నోటు రాసి మినిట్సులో ఎక్కించమనాలి. తీర్మానానికి చట్టబలం లేకపోవచ్చు, మినిట్సు పుస్తకం మాత్రం మునిసిపాలిటీ రికార్డు. సమాచార హక్కు చట్టం కింద పదేళ్ల తరవాతైనా ఎవరో ఒకరు నకలు అడిగి తీసుకోవచ్చు.

ఇంటిపన్ను అంశానికి కాయితం తరలింపు దాకా ఆగనక్కర్లేదు. అది వచ్చే నెల సమావేశంలోనే పెట్టించవచ్చు.